ఇది నిన్నెవులడిగేరు

గవర్రాజుకి ఈ భూమ్మీద ఏ ఆపరేటింగ్ సిస్టమూ నచ్చదు.

మామూలుగా కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో పార్టీలుంటాయి. విండోస్ వాళ్లు మ్యాక్ వాళ్లవి షోకులంటారు, మ్యాక్ వాళ్లు విండోస్ వాళ్లని చూసి జాలిపడతారు, లినక్స్ వాళ్లు ఇద్దరితోనూ మాట్లాడరు. గవర్రాజుది ఏ పార్టీ కాదు. మూడింటినీ పక్షపాతం లేకుండా, ఏదీ చిన్నబుచ్చుకోకుండా రోజూ తిడతాడు. పోర్టులో దిగిన బొగ్గునీ ఎరువునీ లారీలకెత్తించి పంపే ఒక కంపెనీలో ఇరవై రెండేళ్లుగా అతనిదే కంప్యూటర్ల మరమ్మతు. మరమ్మతుకి పావుగంట పడితే తిట్టడానికి ముప్పావుగంట పట్టేది.

మనుషుల్ని ఒక్క మాట అనడు, అది అతని మర్యాద. కుర్చీలో ఉన్నవాణ్ణి లేపి, మానిటర్ ఎదురుగా చేతులు కట్టుకు నిలబడి, తెరమీద కొత్తగా ఏది కనిపించినా దాన్నే నిలదీస్తాడు. మూలనుండే బటన్ మధ్యకి రావచ్చు, అడక్కుండా వాతావరణం చెప్పే బొమ్మ రావచ్చు, "మీకు సాయం చేయనా" అనే పెట్టె రావచ్చు. దేనికైనా ప్రశ్న ఒకటే.

"ఇది నిన్నెవులడిగేరు?"

కంప్యూటర్ జవాబు చెప్పదు కదా. చెప్పలేదని ఇంకో పదినిమిషాలు.

డాక్యుమెంట్ల సెక్షన్‌లో దొరబాబు ఈ తతంగానికి అలవాటుపడిపోయాడు. మౌస్ కదలటంలేదని ఫోన్ చేసి, గవర్రాజు గదిలోకి అడుగుపెట్టగానే టీకి వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చేసరికి విండోస్ చరిత్రలో సగం అయ్యేది. స్టార్ట్ బటన్ ఏ ఏడు ఎక్కడుందో, ఏ ఏడు మాయమైందో, మళ్లీ ఏ మొహం పెట్టుకుని వచ్చిందో వరసగా చెప్పేవాడు. చివర్న వంగి, ఊడిపోయిన మౌస్ వైరు గుచ్చి వెళ్లిపోయేవాడు.

ఒకసారి డైరెక్టర్ గారు కొత్త మ్యాక్ కొనుక్కుని, ఎలా ఉందో చూడమని పిలిపించారు. గవర్రాజు టేబుల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెడతారండీ అని వినయంగా అడిగాడు. ఆయనకీ తెలీదు. ఇద్దరూ కలిసి అన్ని పక్కలా తడిమారు. పాత కన్నాలు తీసేశారని, దానికి వేరే తోక కొనుక్కోవాలని తేలింది. గవర్రాజు మ్యాక్‌ని చూసి ప్రశ్న వేయబోయి, డైరెక్టర్ గారు పక్కనే ఉన్నారని మింగేశాడు. ఆ మింగింది గుమ్మం దాటాక కారిడార్‌లో కక్కేశాడు. లోపలికి వినబడింది కూడా.

ఆస్రా ఆ కంపెనీకి ఐటీ ఇన్‌ఛార్జిగా వచ్చేనాటికి ఆమెకి ముప్పై ఒకటి, గవర్రాజుకి యాభై నాలుగు. తండ్రి అబ్దుల్ రజాక్ గారికి వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఆ పళ్లచక్రాల మధ్య పెరిగిన అమ్మాయి గనక యంత్రమంటే ఆమెకి గౌరవం. ఆమె సొంత ల్యాప్‌టాప్‌లో లినక్స్, మూత మీద పెంగ్విన్ స్టిక్కరు. మొదటిరోజే గవర్రాజు దాన్ని కాసేపు తేరిపార చూశాడు.

"ఈ పిట్టకి రెక్కలున్నాయి గానీ ఎగరదు, తెలుసా మేడం?"

ఉచితం కదా గవర్రాజు గారూ అందామె. సిస్టం ఉచితమేనని, మన ఆయుష్షే దానికి ఫీజని, సందేహం అడిగితే పుస్తకం చదువుకోమంటారని, పుస్తకం చదివితే అది పోయినేడాది వెర్షన్‌దంటారని చెప్పి వెళ్లిపోయాడు. ఆస్రాకి ఒళ్లు మండింది. ఈ మనిషి పని నేర్చుకోవడం ఎప్పుడో మానేశాడని, బద్ధకానికి కోపం ముసుగేశాడని ఆ రోజే తీర్మానించుకుంది. ఎప్పుడూ ఇంతేనా అని దొరబాబుని అడిగితే, కాదన్నాడు. ఒకప్పుడు కొత్త వెర్షన్ వస్తే ఊళ్లో అందరికంటే ముందు ఎక్కించేది గవర్రాజేనట, ఆఫీసులో లడ్డూలు కూడా పంచాడట. ఆరేళ్ల కిందట ఏమయిందో ఏమో, ఒక్కసారిగా అన్నింటి మీదా విరక్తి పుట్టిందట.

ఆస్రాకి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. నలభై రెండు కంప్యూటర్లలోనూ నెలాఖరుకి పాత సిస్టంలు తీసేయాలి, కంపెనీ ఆమోదించిన కొత్తవి ఎక్కించాలి, ఒక్కటి మిగిలినా ఇన్‌ఛార్జిదే బాధ్యత. ఆమె నిద్రాహారాలు మాని నలభై ఒకటి పూర్తిచేసింది. గవర్రాజు ప్రతిదాని దగ్గరా నిలబడి తిడుతూనే, పని మాత్రం శుభ్రంగా చేశాడు. సీపీయూ విప్పితే లోపల పోర్టు బొగ్గుపొడి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్క్రూలు. అవన్నీ తుడిచి, నూనె రాసి, కొత్త సిస్టం ఎక్కించి, అది మొదటిసారి తెరుచుకోగానే నమస్కారం పెట్టినంత భక్తిగా అడిగేవాడు, ఇది నిన్నెవులడిగేరని.

నలభై రెండోది మాత్రం ముట్టుకోనివ్వలేదు. అది మల్కాపురం యార్డులో లారీ కాటా దగ్గరుంది. ఖాళీ లారీ ఎక్కితే ఒక తూకం, సరుకుతో ఎక్కితే ఇంకో తూకం, తేడా చీటీ మీద అచ్చవుతుంది. ఆ కంప్యూటర్‌లో ఇరవయ్యేళ్ల నాటి విండోస్ ఎక్స్‌పీ, దాంట్లో అంతకంటే పాత తూకం ప్రోగ్రాం. మౌస్ లేదు, అన్నీ మీటలే. పక్కన చెవులు చిల్లులుపడేలా అరిచే సూదుల ప్రింటరు.

"దానికి నెట్టు వైరు నేదు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వను. దానికి రోగమెక్కణ్ణించి వస్తాది మేడం?"

"అది కాదండీ, రూలు..."

"కాటా జోలికెల్లొద్దు తల్లీ."

మామూలుగా మేడం అంటాడు. తల్లీ అన్నాడంటే కోపం వచ్చినట్టు.

నెలాఖరుకి ఇంకా అయిదు రోజులుందనగా గవర్రాజు ఆనందపురంలో మేనకోడలి పెళ్లికి రెండ్రోజులు సెలవు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ చెప్పాడు. ఆస్రా తలూపింది. మర్నాడు పొద్దున్నే కొత్త సీపీయూ, పెద్ద మానిటరు, చప్పుడు చేయని ప్రింటరు ఆటోలో వేయించుకుని, వెనకే స్కూటీ మీద మల్కాపురం వెళ్లింది. తను చేస్తున్నది మంచిపనే అని ఆమెకి గట్టి నమ్మకం. పాత సామాను, ఆ మోత, ఆ మసకతెర ఏ మనిషికీ పెట్టకూడని కష్టాలనుకుంది.

కాటా గదిలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నది ఆదిలక్ష్మమ్మ. జాలారిపేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. భర్త ఇదే యార్డులో క్రేన్ కింద పోతే, ఆ పోయినందుకిచ్చిన ఉద్యోగం. చిన్నప్పుడు టైపు లోయర్ పరీక్ష ప్యాసయింది కనక కాటాలో కూర్చోబెట్టారు. పదేళ్లు నిండితే గానీ పెన్షన్ రాదు. ఇంకా పదకొండు నెలలుంది.

కొత్త పెట్టెలు చూసి ఆమె లేచి నిలబడింది. గవర్రాజు వచ్చేదాకా ఆగమని బతిమాలింది. కొత్తదంటే భయంలే అనుకుని ఆస్రా నవ్వుతూ భుజం తట్టి, పాతది విప్పేసి కొత్తది బిగించింది. ఖాళీ తూకానికి ఒకటి, నిండు తూకానికి రెండు, తప్పు నొక్కితే పొడుగ్గా ఒకటి, కీచుమనే ఆ పాత కూతలన్నీ పోయాయి. సూదుల ప్రింటరు పోయింది. గది మొదటిసారి నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు హాయిగా ఉంది కదమ్మా అంది ఆస్రా.

మొదటి లారీ ఎక్కింది. నీలం పెట్టె మీద క్లిక్ చేయమంది ఆస్రా. ఆదిలక్ష్మమ్మ మౌస్ పట్టుకుంది. బాణం తెర అంచుకి పోయి అక్కడే కొట్టుకుంటోంది. ఆమె తెరవైపు తిన్నగా చూడలేదు, కోడి గింజని చూసినట్టు తల పక్కకి వాల్చి చూసింది. ఎటు నొక్కినా ఏదో తెరుచుకుంటోంది, ఏదో మూసుకుంటోంది, ఏదీ చప్పుడు చేయటంలేదు. పావుగంటకి లారీలు ఏడయ్యాయి. అరగంటకి రోడ్డెక్కాయి. డ్రైవర్లు హారన్లు మొదలెట్టారు. ఆదిలక్ష్మమ్మ ముక్కు మీద చెమట పట్టింది.

"నంబరు సెప్పు నాయనా," అంది కిటికీలోంచి.

లారీ నంబరు కిటికీ ఎదురుగానే ఉంది, బారెడు అక్షరాల్లో. ఆస్రా ఆ నంబరు చూసింది, ఆదిలక్ష్మమ్మని చూసింది. ఏదో అనుమానం వచ్చి, నేల మీద పడేసిన పాత కీబోర్డు ఎత్తింది. ఆరు మీటల మీద వేళ్లకి ఏదో గరుగ్గా తగిలింది. పైపుల కన్నాలు పూడ్చే ఎంసీల్ ముద్దలు. గుండ్రంగా నొక్కి, గరుకు కాగితంతో నునుపు చేసి, ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు.

"అమ్మా, మీకు కనబడదా?"

ఆదిలక్ష్మమ్మ చెయ్యి చాపి ఆ కీబోర్డు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"పక్కలకి కనబడతాదమ్మా. మద్దిలోనే నేదు. ఆరేళ్లయింది. నీ గొంతు నాకు తెలుసు గానీ నీ మొకం ఎలాగుంటాదో తెల్దు." ఆగి, మెల్లిగా అంది. "రాజుగారికి సెప్పకమ్మా."

రాజుగారంటే జనరల్ మేనేజర్ కృష్ణంరాజు గారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. కిందటేడాది గేటు దగ్గర కాపలా ఉండే వీరన్నకి చెవులు సరిగ్గా వినబడటంలేదని తెలిసినప్పుడు, ఆయనే స్వయంగా సభ పెట్టించి, వీరన్న సేవల్ని కొనియాడి, మూడో రోజున ఇంటికి పంపారు. శాలువా మాత్రం మంచిదే కప్పారు. గేటుకి రాకముందు ఇరవై ఏళ్లు బొగ్గు మిషన్ పక్కన నిలబెట్టి చెవులు తీసుకున్నది ఎవరో ఆ సభలో ఎవరూ అనలేదు.

ఆయన కారు లారీల లైన్లో ఇరుక్కుంది. దిగి, ఎండలో నడిచి, కాటా గది గుమ్మంలోకి వచ్చారు. ఏంటిది, ఈవిడకి రావటంలేదా అన్నారు.

ఆ క్షణంలో ఈవిడకి కనబడదని ఆస్రా ఒక్క మాట అంటే చాలు, తన తప్పు లేదని తేలిపోతుంది. ఆ మాట నాలిక చివరే ఉంది. కానీ నోరు తెరిస్తే వేరే మాటలొచ్చాయి.

"ఆవిడకి రాకపోవడం కాదు సార్. తప్పు నాది. పరీక్షించకుండా పెట్టాను. అసలు ఆ మెనూ చూడండి సార్, ఉన్నచోట ఉండదు. ఒక్క లారీకి ఎనిమిది క్లిక్కులు. మీటతో అయ్యేదానికి మౌస్ ఎందుకు? కూత తీసేశారు, ఎందుకు తీసేశారు? ఇది ఎవరడిగారు సార్?"

ఇంకా చాలా అంది. విండోస్ అయ్యాక మ్యాక్ దాకా వెళ్లింది. చేతులు కట్టుకుని మానిటర్‌కేసి చూస్తూ అంటోందని ఆమెకి తెలీదు. కృష్ణంరాజు గారు గుడ్లప్పగించి విన్నారు. ఆ గవర్రాజు జబ్బు నీకూ అంటిందా అని విసుక్కుని, పాతది పెట్టి ముందు లైను తెమల్చమని, సాయంత్రానికి మెమో అందుతుందని చెప్పి వెళ్లిపోయారు. పాతది పెట్టారు. కీచుమని కూత వినబడగానే ఆదిలక్ష్మమ్మ వీపు నిటారయింది. నలభై నిమిషాల్లో రోడ్డు ఖాళీ.

అంతా అయిపోయాక గవర్రాజు వచ్చాడు. ఆదిలక్ష్మమ్మ ఫోన్ చేసిందట. పట్టుపంచె, తల్లో అక్షింతలు, చంకలో చెప్పులు, బస్సు దిగి పరిగెట్టుకొచ్చినట్టున్నాడు. పాత సీపీయూ పక్కన కూర్చున్న ఆస్రాని చూసి తిట్లు మొదలెట్టబోయి, ఆదిలక్ష్మమ్మ ఏదో చెవిలో చెబితే ఆగిపోయాడు. బయటకొచ్చి కాటా గట్టు మీద కూలబడ్డాడు.

ఆవిడ చూపు సంగతి మీకెలా తెలిసిందని ఆస్రా అడిగింది. ఆరేళ్ల కిందట కాటా మానిటర్ చచ్చిపోయిందని ఎవరో డ్రైవర్ ఆఫీసుకి ఫోన్ చేశాడట. గవర్రాజు మధ్యాహ్నం వచ్చి చూస్తే నిజంగానే తెర నల్లగా ఉంది. పొద్దుటి నుంచీ అలాగే ఉందట. అప్పటికి ఆదిలక్ష్మమ్మ నలభై చీటీలు కొట్టింది. ఒక్కటీ తప్పు లేదు. తెర ఆగిపోయిందని ఆమెకి తెలీదు.

"నాను మానిటర్ మార్చీసి నోర్మూసుకున్నాను. మర్నాడే కూతలు ఎట్టేను."

"మరి మిగతా వాటినన్నింటినీ ఎందుకు తిట్టారు? ఇదొక్కటే మార్చొద్దని చెబితే సరిపోయేది కదా."

గవర్రాజు తల్లోంచి అక్షింతలు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేస్తున్నాడు.

"ఒక్క కాటాదే వద్దంటే ఎందుకని అడుగుతారు మేడం. అన్నీ వద్దంటే పిచ్చోడంటారు. పిచ్చోణ్ణి ఎవులూ కారణమడగరు."

ఆస్రాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆరేళ్లు నలభై రెండు కంప్యూటర్ల దగ్గరా నిలబడి ఈ మనిషి తిట్టింది ఒక్కదాని కోసం. ఇతన్నే బద్ధకస్తుడనుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. అయినా ఊరికే ఉండలేక, ఆరేళ్ల తిట్లూ నటనేనా అని అడిగింది. మొదట నటనేనని, ఏణ్ణర్ధం పోయాక నిజంగానే కోపం వచ్చేసిందని, ఆ సిస్టంలు అలాంటివేనని అన్నాడు.

కాగితం మాత్రం కాగితమే. నెలాఖరు ఆగదు. ఆ సంగతి చెబితే గవర్రాజు కాసేపు గొణుక్కుని, ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క రెండు గదుల ఇల్లు. రైలు పోయినప్పుడల్లా మాట ఆపి మళ్లీ మొదలెట్టాలి. భార్య గంగాభవాని ఉప్మా పెట్టి, ఈయన మూడేళ్లుగా కంప్యూటర్‌తో మాట్లాడుతున్నాడమ్మా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లనా అని ఆస్రాని మెల్లిగా అడిగింది. లోపలి గదిలో చచ్చిన సీపీయూల మధ్య ఒక బతికిన సీపీయూ ఉంది. గవర్రాజు దాన్ని ఆన్ చేసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

తెరమీద పెంగ్విన్.

ఎగరని పిట్ట కదా అంది ఆస్రా. ఎగరదు గనకే ఉన్నచోట ఉంటాదన్నాడు. పెట్టిన మీట పెట్టినచోటే, మనం మార్చమంటే గానీ మారదు. అంతే మెచ్చుకోలు, వెంటనే దానిమీద నాలుగు తిట్లు కూడా కలిపాడు. పాత మీటలన్నీ అలాగే కట్టాడు, లోపలి సిస్టం మాత్రం కొత్తది. నెట్టు వైరు పెట్టొచ్చు, హెడ్డాఫీసు వాళ్ల ఆమోదం జాబితాలోనూ ఆ పిట్ట ఉంది. కూతల బదులు మాట ఉంది. బజార్లో కొన్న గొంతులేవీ తను అప్పా అని పిలిచే ఆదిలక్ష్మమ్మకి అర్థంకాక, మూడేళ్లు కూర్చుని అంకెలూ అక్షరాలూ మాటలూ తన గొంతుతోనే రికార్డు చేశాడు. మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదంటే, పెట్టాలంటే ఇన్‌ఛార్జి సంతకం కావాలి, మీకు ముందున్నాయన కారణం అడిగేవాడు అన్నాడు. ఆస్రా కారణం రాసే గడిలో "తూకం పనికి అనువైనది" అని రాసి సంతకం పెట్టింది. ఆమె ఉద్యోగంలో రాసిన అన్ని కాగితాల్లోకీ అదే నిజమైనది.

నెలాఖరు రోజున నలభై రెండోది పూర్తయింది. మెమో ఫైల్లో ఉంది, ఉద్యోగం ఖాయం ఆరునెలలు వెనక్కి పోయింది. పోతే పోయింది అనుకుంది ఆస్రా. ఆదిలక్ష్మమ్మ పెన్షన్‌కి ముందే తన ఉద్యోగం ఖాయమవుతుందని లెక్క వేసుకుని నవ్వుకుంది.

కాటా గదిలో ఇప్పుడు రోజంతా గవర్రాజు గొంతే. "నంబరు కొట్టప్పా." "ఇరవయ్యారు టన్నుల నాలుగొందలు." "అది కాదు, మల్లీ కొట్టు." డ్రైవర్లు మొదట జడిసి చుట్టూ చూసేవారు, తర్వాత జవాబులు చెప్పడం మొదలెట్టారు. చెవులు బాగున్నందుకు నాకిదా శిక్ష అని ఆదిలక్ష్మమ్మ వచ్చినవాళ్లందరికీ ఫిర్యాదు చేసేది. గొంతు తగ్గించనా అంటే మాత్రం వద్దనేది.

వారం తర్వాత కృష్ణంరాజు గారు చూడ్డానికొచ్చారు. తొందరలో డ్రైవరు కారుని తిన్నగా కాటా పలక మీదే ఆపాడు. ఆయన దిగి కిటికీ దగ్గర నిలబడి ఆ మాటలన్నీ విన్నారు. ఆయన గవర్రాజు వైపు తిరిగారు.

"ఏమయ్యా, దీనికి మాటలెందుకు? ఇది నిన్నెవరడిగారు?"

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి గవర్రాజుకి మాట రాలేదు. లోపల్నుంచి అతని గొంతే పలికింది.

"టన్నున్నర. బండి దించండి, ఎనక లైనుంది."

ఆదిలక్ష్మమ్మ నవ్వాపుకుంటూ మీట నొక్కింది, చీటీ చించి కిటికీలోంచి చాపింది. చెయ్యి ఆయనకి జానెడు పక్కకి వెళ్లింది. కృష్ణంరాజు గారు ఆ చేతిని చూశారు. కీబోర్డు మీది ముద్దల్ని చూశారు. మళ్లీ ఆ చేతిని చూశారు. తర్వాత తన చెయ్యే అక్కడికి జరిపి, చీటీ అందుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన కారణం అడగలేదు. బండి దించమని డ్రైవర్‌కి చెప్పారు.